సెలవు దాటి 23 రోజులు: ఇంట్లో ఉండిపోయిన సిపాయి ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న:

నమస్తే సార్. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లెటూరు. మా ఆయన ఆర్మీలో సిపాయి, తొమ్మిదేళ్ల సర్వీసు. యూనిట్ ఇప్పుడు కాశ్మీర్‌లో ఉంది. 30 రోజుల సెలవు మీద ఇంటికొచ్చారు. తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు మా మామగారికి పక్షవాతం వచ్చింది. మేం ఆస్పత్రి చుట్టూ తిరుగుతుంటే పక్కతోట వాళ్లు మా జీడితోట గట్టు లోపలికి జరిగి కంచె వేసేశారు. ఇంకో పది రోజులు సెలవు పెంచమని ఈయన యూనిట్‌కి ఫోన్ చేస్తే, ముందొచ్చి రిపోర్ట్ చెయ్యి, మిగతాది తర్వాత అని గట్టిగా కేకలేశారట. ఆ కోపంలో ఫోన్ స్విచాఫ్ చేసేశారు. సెలవు అయిపోయి ఇవాళ్టికి 23 రోజులు. మొన్న యూనిట్ నుంచి మామగారి పేర ఉత్తరం వచ్చింది. నిన్న స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి ఈయన ఉన్నారా అని అడిగి వెళ్లాడు.

మా అత్తగారు ఈయన్ని బరంపురంలో ఉన్న తమ్ముడింటికి పంపించేద్దాం అంటున్నారు. మా మరిది, తెలిసిన డాక్టరు చేత ఈయనకే జబ్బు చేసినట్టు సర్టిఫికెట్ రాయిస్తానంటున్నాడు, లేదంటే సెలవు ఇవ్వని ఆఫీసరు మీద వీడియో తీసి పెడదామంటున్నాడు. ఊళ్లో ఒక పెద్దాయన, కొన్నాళ్లు ఊరుకుంటే వాళ్లే పేరు కొట్టేస్తారు, గల్ఫ్ పోయి బతకొచ్చు అన్నాడు. వెళ్తే జైల్లో వేస్తారా? ఉద్యోగం పోతుందా? మమ్మల్ని కూడా పట్టుకుంటారా? ఈయన రాత్రిళ్లు నిద్ర పోవడం లేదు. దయచేసి చెప్పండి.

ఒక జవాను భార్య

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయి గానీ వాటన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. మీ ఆయన ఇవాళే ఫోన్ ఆన్ చేసి యూనిట్‌తో మాట్లాడాలి. రేపటి బండికి బయల్దేరాలి. పలాస నుంచి ఢిల్లీ మీదుగా జమ్మూ చేరేసరికి మూడు రోజులు పెట్టుకోండి. అంటే 27వ రోజుకల్లా జమ్మూ ట్రాన్సిట్ క్యాంపు (కాశ్మీర్ యూనిట్లకి వెళ్లే జవాన్లు దిగే మిలటరీ మజిలీ) గేటు దగ్గర ఉంటారు. ఇంత కచ్చితంగా రోజులు లెక్కపెట్టి చెబుతున్నానంటే కారణం ఉంది. 30 రోజులు దాటితే వ్యవహారం రంగు మారుతుంది.

ఆర్మీ ఆఫీసులో క్లర్కుగా నా సర్వీసంతా ఇలాంటి కాగితాల మధ్యే గడిచింది. నాకు తెలిసిన వరకు, సెలవు దాటిన సిపాయిల్లో ఎక్కువమంది చెడ్డవాళ్లు కారు, పారిపోదామనుకున్నవాళ్లూ కారు. ఇంట్లో కష్టం వచ్చి రెండు రోజులు ఆగుతారు. ఆ రెండు రోజులకి ఏం సమాధానం చెప్పాలో తెలియక వారం ఆగుతారు. వారానికి ఏం చెప్పాలో తెలియక నెల ఆగుతారు. మొదటి రెండు రోజులకి పడే శిక్ష కంటే, భయంతో కలుపుకున్న తర్వాతి రోజులకి పడే శిక్షే పెద్దది. మీ ఇంట్లో జరుగుతున్నది కూడా అదే.

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ఇప్పటికి మీ ఆయన మీద ఉన్నది ఆర్మీ యాక్ట్, 1950లో 39వ సెక్షన్ కింది తప్పు. సెలవు దాటి ఉండిపోవడం. యూనిట్లో దాన్ని ఓఎస్ఎల్ అంటారు. అసలు సెలవే లేకుండా వెళ్లిపోతే ఏడబ్ల్యూఎల్, అదీ ఈ సెక్షనే. దీనికి చట్టంలో రాసిన గరిష్ఠ శిక్ష మూడేళ్ల జైలు. గరిష్ఠం అంటే అంతకు మించి వెయ్యకూడదని అర్థం, అంతా వేస్తారని కాదు.

డిజర్షన్ వేరే నేరం, అది 38వ సెక్షన్. రెంటికీ తేడా రోజుల సంఖ్యలో లేదు, ఉద్దేశంలో ఉంది. ఇక తిరిగి వెళ్లకూడదనుకున్నవాడు, లేదా ఫలానా ముఖ్యమైన డ్యూటీ తప్పించుకోవాలని వెళ్లిపోయినవాడు డిజర్టర్. మామూలు పరిస్థితుల్లో దీనికి ఏడేళ్ల దాకా జైలు వేయొచ్చు. యాక్టివ్ సర్వీసులో, అంటే యుద్ధం లాంటి డ్యూటీలో ఉండగా చేస్తే మరణశిక్ష దాకా చట్టంలో ఉంది. కాశ్మీర్ లాంటి ప్రాంతాల్లో పనిచేసేవాళ్లను యాక్టివ్ సర్వీసులో ఉన్నట్టే లెక్కించాలని కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి దశాబ్దాలయింది. కాబట్టి మీ ఆయన విషయంలో ఆ మాట వర్తిస్తుంది. కంగారు పడకండి. తండ్రికి జబ్బు చేసి ఆగిపోయిన సిపాయికి అంతటి శిక్ష వేయడం నేనెప్పుడూ చూడలేదు, వినలేదు. కానీ ఏ గీత దాటకూడదో మీ ఇంట్లో అందరికీ తెలియాలి కదా, అందుకని చెప్పాను.

మనసులో ఉన్న ఉద్దేశం బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది అంటారేమో. మనిషి నడవడికను బట్టి లెక్కగడతారు. ఫోన్ ఆపేశాడా, యూనిట్ రాసిన ఉత్తరానికి జవాబిచ్చాడా, సొంత ఊళ్లోనే ఉన్నాడా, ఇల్లు మారాడా, వేరే పనిలో చేరాడా. ఇప్పటికైతే మీ ఆయన సొంత ఇంట్లో, మంచాన పడ్డ తండ్రి పక్కన ఉన్నారు. ఇది ఆయనకి అనుకూలమైన విషయం. బరంపురం పంపిన మరుక్షణం అదే మనిషి దాక్కున్నవాడైపోతాడు. కన్నతల్లి ప్రాణం కదా, అత్తగారు భయంతో అన్నారు. ఆవిడకి నెమ్మదిగా చెప్పండి, బిడ్డని కాపాడే దారి అది కాదని.

ఇప్పుడు 30 రోజుల సంగతి. అనుమతి లేకుండా 30 రోజులు రాకపోతే 106వ సెక్షన్ ప్రకారం యూనిట్ కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేయాలి. మనిషి లేకుండానే ఆ విచారణ జరుగుతుంది. ఏ తేదీ నుంచి రాలేదు, ఆయన పేర ఇచ్చిన సర్కారు సామానులో ఏమేం కనబడటం లేదు అని సాక్షుల చేత చెప్పించి, రికార్డు రాసి పుస్తకంలో ఎక్కిస్తారు. ఆ తర్వాత కూడా తనంతట తాను రాకపోయినా, పట్టుబడకపోయినా చట్టం ఆయన్ని డిజర్టర్‌గానే లెక్కిస్తుంది. వెనక్కి వచ్చాక కూడా నా ఉద్దేశం అది కాదని నిరూపించుకునే అవకాశం ఉంటుంది. కానీ అప్పుడు ఎదురీదాలి. 27వ రోజున గేటు దగ్గర నిలబడ్డవాడికి ఆ అవస్థ ఉండదు.

నిన్న వచ్చిన కానిస్టేబుల్ కూడా ఊరికే రాలేదు. మనిషి రాకపోతే యూనిట్ అప్రిహెన్షన్ రోల్ అని ఒక కాగితం జిల్లా పోలీసులకి పంపుతుంది. అందులో పేరు, నంబరు, ఊరు, ఆనవాళ్లు అన్నీ ఉంటాయి. వారెంట్ లేకుండానే అరెస్ట్ చేసే అధికారం పోలీసులకి ఆర్మీ యాక్టే ఇచ్చింది. అతను మళ్లీ వస్తే తలుపేసుకోకండి. రేపు బయల్దేరుతున్నారని చెప్పి టికెట్ చూపించండి. తనంతట తాను వచ్చాడు, పోలీసులు పట్టుకొచ్చారు, ఈ రెండిట్లో ఏదో ఒక మాట ఛార్జిషీటులోనే రాస్తారు. శిక్ష వేసే ఆఫీసరు కళ్లు ముందు పడేది ఆ మాట మీదే.

ఎక్కడ రిపోర్ట్ చెయ్యాలి? సొంత యూనిట్ అన్నిటికంటే మంచిది. తొమ్మిదేళ్లుగా మనిషిని చూసినవాళ్లు అక్కడ ఉంటారు. జమ్మూ ట్రాన్సిట్ క్యాంపులో దిగగానే అక్కడి ఆఫీసులో తన వివరాలు నమోదు చేయించుకుని, యూనిట్‌కి ఫోన్ చేయాలి. ఒకవేళ దారిలో జబ్బు చేసినా, బండి దొరక్కపోయినా దగ్గర్లోని ఏ మిలటరీ యూనిట్‌కో, స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కో వెళ్లి రిపోర్ట్ చేయొచ్చు. టికెట్ సొంత డబ్బుతో కొని, అది పోకుండా దాచుకోమనండి. ఐడెంటిటీ కార్డు, లీవ్ సర్టిఫికెట్ వెంట ఉండాలి.

వెళ్తే జైల్లో వేస్తారా అని అడిగారు. వేయొచ్చు, కొన్నాళ్లు. దాచను. కానీ అది మీరు ఊహించుకుంటున్న జైలు కాదు, ఎలా జరుగుతుందో వివరంగా చెబుతాను. సగం భయం తెలియకపోవడం వల్లే ఉంటుంది.

గేటు దగ్గర క్వార్టర్ గార్డ్‌లో, అంటే యూనిట్ కాపలా గదిలో, ఆయన వచ్చిన తేదీ, టైము రాసుకుంటారు. అక్కడితో గైర్హాజరు లెక్క ఆగుతుంది. డాక్టరు చూస్తాడు. బహుశా అరెస్టులో ఉంచుతారు, అంటే క్వార్టర్ గార్డ్‌లోనో, లేదా బ్యారక్ దాటి వెళ్లకూడదనే ఆంక్షతోనో. మామూలుగా 48 గంటల్లోపు విచారణ మొదలుపెట్టే బాధ్యత యూనిట్‌కి పెద్ద అయిన కమాండింగ్ ఆఫీసరుది, ఆయన్నే సీవో అంటారు. ఆ తర్వాత ఒకరోజు సీవో గారి ముందుకి పిలుస్తారు. టోపీ, బెల్టు తీయించి, మార్చ్ చేయించి లోపలికి తీసుకెళ్లి టేబుల్ ముందు సావధాన్‌లో నిలబెడతారు. సుబేదార్ మేజర్ సాబ్ పక్కన ఉంటారు. సీవో ఛార్జ్ చదువుతారు. సెలవుల రికార్డు చూసే మనిషి సాక్ష్యం చెబుతాడు, ఫలానా తేదీకి రావాల్సింది, రాలేదు అని. తర్వాత సీవో తలెత్తి, నువ్వేం చెబుతావ్ అని అడుగుతారు.

అమ్మా, ఈ ఒక్క నిమిషం కోసమే మీరు మీ ఆయన్ని సిద్ధం చేసి పంపాలి. చాలామంది కుర్రాళ్లు అక్కడ ‘గల్తీ హో గయీ సాబ్’ (తప్పయిపోయింది సార్) అని తల దించుకుని బయటికొచ్చేస్తారు. వినయం మంచిదే. కానీ ఆర్మీ రూల్ 22 ఆ గదిలో మీ ఆయనకి మూడు హక్కులిచ్చింది. సాక్షుల్ని ప్రశ్నించొచ్చు, తన తరఫు సాక్షుల్ని పిలవమనొచ్చు, తన మాట పూర్తిగా చెప్పుకోవచ్చు. చెప్పుకోవడానికి ఆయన దగ్గర గట్టి మాట ఉంది కూడా. 39వ సెక్షన్ వాక్యం చూడండి. ‘తగిన కారణం లేకుండా’ సెలవు దాటి ఉండటం నేరమని ఉంది. అంటే తగిన కారణం ఉందని చూపించగలిగితే, మొత్తం 23 రోజులకి కాకపోయినా అందులో కొన్ని రోజులకైనా, ఛార్జ్ బలం తగ్గుతుంది. కారణం నిజమని నమ్మితే గైర్హాజరు రోజుల్ని సెలవు కింద సర్దే వీలు కూడా ఆర్మీలో ఉంది. చేస్తారని మాట ఇవ్వలేను, అడగకపోతే మాత్రం ఎవరూ చెయ్యరు.

కాబట్టి ఈ రాత్రి కూర్చుని కాగితాలు సర్దండి. మామగారిని ఆస్పత్రిలో చేర్చిన తేదీ ఉన్న చీటీ, స్కానింగ్ రిపోర్టు, డిశ్చార్జ్ కాగితం, మందుల బిల్లులు. వాటి మీద తేదీలు స్పష్టంగా కనబడాలి. సెలవు పెంచమని అడిగిన ఫోన్ కాల్ ఆయన ఫోన్‌లో ఉంటుంది, దాని స్క్రీన్‌షాట్. వాట్సాప్‌లో ఎవరికైనా సీనియర్‌కి పెట్టుంటే ఆ మెసేజ్. గట్టు తగాదా ఫొటోలు. అన్నీ రెండేసి కాపీలు తీయించి, ఒక సెట్టు మీ దగ్గర ఉంచుకోండి. సెలవు అయిపోక ముందే అడిగాడు, దాచిపెట్టలేదు అని చెప్పేవి ఈ కాగితాలే. ఫోన్ ఆపేసిన సంగతి మాత్రం దాచొద్దు. కోపంలో, భయంలో చేశాను, తప్పే అని ఒప్పుకోవాలి. నిజమైన కష్టం చెప్పుకునేవాడు చిన్న తప్పు కూడా ఒప్పుకుంటే మిగతా మాటకి విలువ పెరుగుతుంది.

సీవో తన స్థాయిలోనే తేల్చేస్తే 80వ సెక్షన్ కింద శిక్ష వేస్తారు. అందులో గరిష్ఠం 28 రోజుల మిలటరీ కస్టడీ. అది యూనిట్ క్వార్టర్ గార్డ్‌లోనే గడుస్తుంది, మామూలు జైలుకి పంపరు. లైన్లు దాటకుండా ఉంచడం, ఎక్స్‌ట్రా డ్యూటీలు, 14 రోజుల జీతం దాకా జరిమానా, రెప్రిమాండ్ (రికార్డుకెక్కే మందలింపు) లాంటివి కూడా ఆ సెక్షన్లోనే ఉన్నాయి. తొమ్మిదేళ్లలో ఇది మొదటి తప్పయితే, తనంతట తాను వచ్చుంటే, కారణం కళ్లెదుట ఉంటే, సీవోలు చాలావరకు ఈ దారిలోనే తేల్చడం నేను చూశాను. గైర్హాజరైన రోజుల జీతం ఎలాగూ కోస్తారు, దానికి ఇంట్లో సిద్ధంగా ఉండండి.

యూనిట్లో ఇలాంటివి ఎక్కువైపోయాయని సీవో గట్టిగా ఉండదలిస్తే సమ్మరీ కోర్ట్ మార్షల్, అంటే యూనిట్లోనే క్లుప్తంగా జరిగే సైనిక కోర్టు, పెట్టొచ్చు. అందులో కోర్టు అంటే సీవో ఒక్కరే. ఇంకో ఇద్దరు ఆఫీసర్లో, జేసీవోలో (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) కూర్చుంటారు గానీ తీర్పులో వాళ్ల పాత్ర ఉండదు. సీవో లెఫ్టినెంట్ కర్నల్ లేదా ఆ పైస్థాయి అయితే ఏడాది దాకా జైలు వేయొచ్చు, డిస్మిస్ కూడా చేయొచ్చు. అంతదూరం వస్తే మీ ఆయన గుర్తుంచుకోవాల్సినవి ఉన్నాయి. ఛార్జిషీటు చేతికిచ్చాక సిద్ధపడటానికి మామూలుగా 96 గంటలు, యాక్టివ్ సర్వీసులో అయితే 24 గంటలు టైమివ్వాలి. సాయానికి ‘ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్’ అని తనకి నచ్చిన మనిషిని పక్కన పెట్టుకోవచ్చు. గిల్టీ అని ఒప్పుకుంటే దాని ఫలితం ఏమిటో కోర్టు ముందుగా వివరించి చెప్పాలి. అది అర్థం కాకుండా తొందరగా అయిపోతుంది కదా అని ఎక్కడా సంతకం పెట్టొద్దు. శిక్ష అన్యాయం అనిపిస్తే 164వ సెక్షన్ కింద పైవాళ్లకి పిటిషన్ వేసుకోవచ్చు. డిస్మిసల్ గానీ మూడు నెలలు దాటిన జైలు గానీ పడితే సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. మన వైపు కేసులు చూసేది చెన్నై బెంచి. ఆరు నెలల గడువు ఉంటుంది, దాన్ని జారవిడుచుకోవద్దు. మీ విషయం అంతదూరం రాదనే నా నమ్మకం.

ఉద్యోగం పోతుందా అన్న ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబు చెబుతాను. శిక్ష తీవ్రతను బట్టి రికార్డులో ఎర్ర సిరాతో ఒక ఎంట్రీ పడొచ్చు. రెడ్ ఇంక్ ఎంట్రీ అంటే జవాన్లకి హడల్. నాలుగు పడితే ఇంటికి పంపేస్తారని చెప్పుకుంటారు. నాలుగు పడ్డా కూడా లెక్క చూసి వెంటనే పంపేయడం కుదరదు, ఎంక్వైరీ చేసి, అతని సర్వీసు, అతను పనిచేసిన కష్టమైన చోట్లు అన్నీ చూడాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఆయనకి పడితే ఇది మొదటిది. ప్రమోషన్ వెనకబడొచ్చు, ఆ బాధ ఉంటుంది. కానీ పెన్షన్‌కి కావాల్సిన 15 ఏళ్లు పూర్తి చేసే దారి మూసుకుపోదు.

ఆ దారి మూసుకుపోయేది ఊరి పెద్దాయన మాట వింటే. పేరు కొట్టేయడం నిజమే, ఏళ్ల తర్వాత డిస్మిసల్ ఆర్డరు పోస్టులో ఇంటికొస్తుంది. పీడా పోవడం మాత్రం అబద్ధం. డిస్మిస్ అయినవాడికి అప్పటిదాకా చేసిన సర్వీసుకి పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న గుర్తింపు లేదు. మామూలు నేరాలకి ఆర్మీ యాక్ట్‌లో మూడేళ్ల గడువుంది, అది దాటితే విచారణ చెయ్యకూడదు. డిజర్షన్‌కి ఆ గడువు వర్తించదు. ఎన్నేళ్లయినా పట్టుకుని విచారించొచ్చు. గల్ఫ్ అంటున్నారు, పాస్‌పోర్టుకి పోలీస్ వెరిఫికేషన్ చేసేది నిన్న కానిస్టేబుల్ వచ్చిన ఆ స్టేషనే. తొమ్మిదేళ్ల మంచు, చలి, నైట్ డ్యూటీలు అన్నీ ఒక ఊరి అరుగు మీద అన్న మాటకి వదులుకోకండి.

మీ మరిది చెప్పిన రెండు ఉపాయాలూ ఇంతకంటే ప్రమాదం. లేని జబ్బుకి సర్టిఫికెట్ పెడితే ఇప్పటిదాకా ఒక్కటే ఉన్న తప్పు రెండవుతుంది. రెండోది మోసం. యూనిట్లు అలాంటి సర్టిఫికెట్‌ని ఆ ఆస్పత్రికి పంపి విచారించుకుంటాయి. పైగా నిజంగా జబ్బు పడ్డ మామగారి కాగితాల్ని కూడా ఎవరూ నమ్మరు. నిజం మీ చేతిలో ఉండగా అబద్ధం కొనుక్కోవడం దేనికి? (ఇది చదివే మిగతా జవాన్ల కుటుంబాలకి ఒక మాట. సెలవులో జవానుకే నిజంగా జబ్బు చేస్తే దగ్గర్లోని మిలటరీ ఆస్పత్రికి, అది దూరమైతే సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్లండి, అదే రోజు యూనిట్‌కి తెలియజెయ్యండి. ఏం చెయ్యాలో లీవ్ సర్టిఫికెట్ వెనకాల అచ్చేసే ఉంటుంది. సెలవు మొదటి రోజునే ఇంట్లో ఒకరు అది చదవండి.)

వీడియో విషయం. యూనిఫాం వేసుకున్నవాళ్ల కొన్ని ప్రాథమిక హక్కుల్ని పరిమితం చేసే అధికారం రాజ్యాంగంలోని 33వ అధికరణం పార్లమెంటుకి ఇచ్చింది. సర్వీసు సంగతులు అనుమతి లేకుండా పత్రికలకి ఎక్కించకూడదని ఆర్మీ రూల్ 21లో ఉంది. తమ్ముడు తీసి పెట్టినా కెమెరా ముందు మాట్లాడింది అన్నే కదా. ఆ ఆఫీసరు కేకలేసిన తీరు అన్యాయం అనిపిస్తే దానికి ఆర్మీ యాక్ట్‌లో 26వ సెక్షన్ ఉంది. సిపాయి తనకి జరిగిన అన్యాయం మీద తన పై అధికారికి ఫిర్యాదు చేసుకోవచ్చు, ఆ అధికారి మీదే ఫిర్యాదైతే ఆయన పైవాడికి చేసుకోవచ్చు. చట్టం ఇచ్చిన హక్కు అది. దానికంటే ముందు ఈ వ్యవహారం తేలనివ్వండి.

మిమ్మల్ని పట్టుకుంటారా అని అడిగారు. ఈ రోజు వరకు ఆయన డిజర్టర్ కారు కాబట్టి మీ మీద ఏమీ లేదు. రేపు ఆ ముద్ర పడి, అది తెలిసీ ఎవరైనా దాచిపెడితే భారతీయ న్యాయ సంహిత 164వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలో, జరిమానానో, రెండూనో పడొచ్చు. ఆ సెక్షన్లో భార్యకో భర్తకో మినహాయింపు ఉంది. అంటే మీకు భయం లేదు. కానీ మీ అత్తగారికి, మరిదికి, బరంపురంలో ఉన్న ఆ తమ్ముడికి ఆ మినహాయింపు లేదు. ఈ మాట ఆవిడకి తప్పకుండా చదివి వినిపించండి.

ఇక, మీ ఆయన కాళ్లు కదలకపోవడానికి అసలు కారణాలు, మామగారు, తోట. వాటికి దారి చూపించకుండా వెళ్లు వెళ్లు అంటే ఆయన వెళ్లలేరు, వెళ్లినా అక్కడ మనసు నిలవదు. అవి ఆయన ఇంట్లో కూర్చున్నా తేలేవి కావు. యూనిట్‌లో ఉండి అడిగితే తేలే అవకాశం ఎక్కువ. ఇది నేను ఓదార్పుకి చెప్పడం లేదు.

మామగారు మీ ఆయన మీద ఆధారపడినవారిగా రికార్డులో ఉంటే ఆయనకి మిలటరీ ఆస్పత్రుల్లో వైద్యం దొరుకుతుంది. మీకు దగ్గర విశాఖపట్నంలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి. అది నేవీ ఆస్పత్రే అయినా ఆర్మీ కుటుంబాల్ని చూస్తారు. డిపెండెంట్ కార్డు ఉందో లేదో చూడండి. లేకపోతే యూనిట్ చేరాక మీ ఆయన అడగాల్సిన మొదటి పనుల్లో అదొకటి. తల్లిదండ్రుల ఆదాయానికి పరిమితి ఉంటుంది, తహసీల్దార్ ఆఫీసు నుంచి ఆదాయం సర్టిఫికెట్ తీసి సిద్ధంగా ఉంచండి.

తోట గట్టు సంగతి. జవాను కుటుంబం భూమి తగాదాలో ఇరుక్కుంటే సీవో సంతకంతో జిల్లా కలెక్టరుకి, ఎస్పీకి డీవో లెటర్ (ఆఫీసరు తన పేరుతో నేరుగా ఇంకో అధికారికి రాసే ఉత్తరం) రాసే పద్ధతి ఆర్మీలో ఎప్పట్నుంచో ఉంది. నేనే ఎన్నో టైప్ చేశాను. ఆ లెటర్ వెళ్లాక తహసీల్దార్ ఆఫీసులో ఫైలు కదలడం చూశాను. కానీ సెలవు దాటి ఇంట్లో కూర్చున్న మనిషి కోసం ఏ సీవో ఆ లెటర్ రాయడు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రేపు ఇది కోర్టుకెక్కి, కేసు మీ ఆయన పేర ఉంటే, ఆర్మీ యాక్ట్ 32వ సెక్షన్ ఆయనకి పనికొస్తుంది. ఫలానా కేసు కోసమే సెలవు ఇచ్చామనో, సెలవుకి దరఖాస్తు పెట్టుకున్నాడనో మిలటరీ అధికారి సర్టిఫికెట్ ఇస్తే, వీలైనంత వరకు ఆ సెలవు రోజుల్లోనే కేసు విని తేల్చేలా కోర్టు చూడాలి. వాయిదా మీద వాయిదాతో సెలవులన్నీ కరిగిపోకుండా పెట్టిన సెక్షన్ అది.

శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. పేరు చూసి రిటైరైనవాళ్లకే అనుకుంటారు, సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాలకి కూడా అక్కడ సాయం చేస్తారు. మీ ఆయన బండెక్కాక మీరు ఒకసారి వెళ్లండి. పాస్‌పుస్తకం, ఆయన ఐడెంటిటీ కార్డు జిరాక్స్, గట్టు ఫొటోలు తీసుకెళ్లండి. దానికి ముందే మీసేవలో ఎఫ్ లైన్ దరఖాస్తు పెట్టండి, సర్వేయర్ వచ్చి కొలిచి హద్దు చూపించాలి. పట్టా మామగారి పేర ఉంటే దరఖాస్తు ఆయన పేరునే ఉండాలి, సంతకం చేయలేకపోతే వేలిముద్ర వేయించండి. కొలతలు కాకముందు కంచె పీకడానికి మీ మరిదిని వెళ్లనివ్వొద్దు. అక్కడో కొట్లాట కేసు తగిలితే ఇక్కడ చెప్పిందంతా వృథా.

సీవో లెటర్ రాయడానికి ఆధారం మీ ఆయన ఇచ్చే అర్జీయే. అది ఈ రాత్రే రాసి ఆయన చేత సంతకం పెట్టించి వెంట పంపండి. తెలుగులో రాసినా ఫరవాలేదు, యూనిట్ ఆఫీసులో క్లర్కు ఇంగ్లీషులో పెడతాడు. అందులో గ్రామం, మండలం, సర్వే నంబరు, ఎన్ని సెంట్లు ఆక్రమించారు, ఏ తేదీన కంచె వేశారు, పక్కతోట వాళ్ల పేర్లు, మీసేవ దరఖాస్తు పెట్టాక దాని నంబరు, ఇవి ఉండాలి. మీసేవ నంబరు రేపు వస్తుంది కాబట్టి దాన్ని ఆయనకి ఫోన్‌లో మెసేజ్ పెట్టండి. ఆ ఫోన్ ఇక స్విచాఫ్ కాకూడదు. యూనిట్ నుంచి కాల్ వస్తే, ఎవరు ఏ గొంతుతో మాట్లాడినా, ‘సాబ్, ఫలానా బండిలో ఉన్నాను, ఫలానా రోజుకి జమ్మూలో రిపోర్ట్ చేస్తాను’ అని చెప్పి, అదే మాట మెసేజ్‌లో కూడా పెట్టమనండి.